ఏ వచనం చదవాలో ఎవరు నిర్ణయిస్తారు?

రోజూ బైబిలు చదవాలా వద్దా అని మన సంఘాల్లో ఎవరూ పైకి అడగరు. అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలుసు. ఇళ్లలో జరిగేది వేరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, ఏడాదికో వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు తీసుకుంటాం. జనవరి 1న ఆదికాండం తెరుస్తాం. ఫిబ్రవరి దాటకముందే పుస్తకం దిండు పక్కకు చేరుతుంది. ఆ తర్వాత ఆదివారం చెవిన పడిందే బైబిలు. అది చాలదా అని నిజాయితీగా అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలో బలముంది. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మామయ్య గుంటూరు జిల్లా పల్లెలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. లూథరన్ సంఘంలో పెద్ద, ఆరాధనలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. మేనకోడలు విజయవాడలో నర్సు. ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. వాళ్లు పడే వాదన మాత్రం మన మధ్య ఉన్నదే. నా మొగ్గు మేనకోడలి వైపు, అది దాచను. అయినా మామయ్యను తేలిగ్గా ఓడించడం నాకు ఇష్టం లేదు, సాధ్యమూ కాలేదు.

మామయ్య: యూత్ పిల్లలు పోటీ పెట్టారటగా అమ్మాయ్. ఫోన్లో యాప్ పెట్టుకుని రోజుకిన్ని అధ్యాయాలు, ఒక్క రోజూ తప్పకుండా చదివినవాళ్లకు క్రిస్మస్ నాడు బహుమానం. దాని వెనక నువ్వున్నావంటున్నారు.

మేనకోడలు: పోటీ నాది కాదు మామయ్యా. రోజూ చదవండర్రా అని మాత్రం చెప్పాను. బహుమానం వాళ్లు కలుపుకున్నారు.

మామయ్య: కలుపుకుంటారు మరి. లెక్క మొదలైతే జరిగేది అదే. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదికి ఒకసారి అయిపోతుంది. స్కాట్లాండులో మక్షేన్ అనే యువ పాస్టరు 1842లోనే తన సంఘానికి ఇలాంటి పట్టిక తయారుచేసి ఇచ్చాడు. దాని వల్ల వచ్చే ప్రమాదాలను కూడా ఆయనే ముందు రాశాడు. చదవడం ఒట్టి ఆచారమైపోతుందని, చదివేశామన్న తృప్తిలో మనిషి తనను తాను నీతిమంతుడనుకుంటాడని, కొందరికి మోయలేని కాడి అవుతుందని. ఆయన భయపడ్డదంతా ఇవాళ నేను చూస్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే మనుషులు నాకు తెలుసు. ఆరింటికి ఇంట్లో కోడలి మీద వాళ్ల నోరు ఎలా లేస్తుందో కూడా తెలుసు.

మేనకోడలు: అది చదివినందువల్ల వచ్చిన రోగం కాదు కదా.

మామయ్య: చదివితే నయమైన రోగమూ కాదు. మీ అమ్మమ్మ సంగతి చూడు. అక్షరం రాదు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి వచ్చు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు చరణాలతో సహా వచ్చు. నాట్లేసేటప్పుడు పాడుకునేది. వాడలో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ముందు ఆమెకే తెలిసేది. ఆమె ఎన్ని అధ్యాయాలు చదివిందని అడుగుతావా? మన తెలుగు సంఘం పుట్టిందే అలా. 1842లో మిషనరీ హేయర్ గుంటూరు వచ్చేనాటికి మన ముత్తాతల్లో అక్షరం వచ్చినవాళ్లు ఎందరు? కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ క్లఫ్ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం పని తీసుకున్నాడు. ఆయన బోధకులు మట్టి తట్టలు దించిన కూలీల మధ్య కూర్చుని సువార్త చెప్పారు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు చదివి నమ్మారా? విన్నారు, నమ్మారు.

మేనకోడలు: విన్నారు. ఎవరో చదివి చెబితే విన్నారు. ఆ చెప్పినవాళ్లు ఆ రోజు నిజం చెప్పారు కాబట్టి మనం ఇవాళ ఇక్కడున్నాం. మామయ్యా, నేను అమ్మమ్మను తక్కువ చేయను. కానీ అమ్మమ్మకు చదివి చెప్పింది ఎవరు? ఇంటింటికీ తిరిగిన బైబిల్ స్త్రీ. ఆమెకు అమ్మమ్మ ఇల్లు తెలుసు, అమ్మమ్మకు ఆమె బతుకు తెలుసు. తప్పు చెబితే మర్నాడు అదే వీధిలో ఎదురుపడాలి. ఇప్పుడు నా పేషెంట్లకు చదివి చెబుతున్నది ఎవరో తెలుసా? ఫోన్లో ముఖం కనపడే మనిషి. ఆయనకు వీళ్ల ఊరు తెలీదు, షుగర్ తెలీదు.

మామయ్య: టీవీ బోధకుల సంగతి ఎత్తితే నేనూ నీ పక్షమే.

మేనకోడలు: పక్షం కాదు మామయ్యా, ఒక్క సంగతి వినండి. మా వార్డులోకి ఒకావిడ వచ్చింది. కాలి పుండు మోకాలి దాకా పాకింది. ఇన్సులిన్ మానేసి నెలలైంది. స్వస్థత కూటంలో చేతులుంచి ప్రార్థన చేశారట. ఇక మందు వాడితే అవిశ్వాసం అవుతుందన్నారట. ఆమె మంచం పక్కన బైబిలు ఉంది, గుడ్డలో చుట్టి. తెరిచిందో లేదో కాగితాలు చూస్తే తెలుస్తుంది కదా. నేను తెరిచి తిమోతికి పౌలు రాసిన రెండో ఉత్తరం చివర చదివి వినిపించాను. తన తోటివాడు త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో వదిలేసి వచ్చానని పౌలే రాసుకున్నాడు. ఎందరినో బాగుచేసిన పౌలు! మొదటి ఉత్తరంలో తిమోతి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉంటే, బతుకుతావని దేవుని మాట తెచ్చిన యెషయాయే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. ఆవిడ నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇవన్నీ ఇందులోనే ఉన్నాయా అమ్మా, మాకెవరూ చదవలేదే అంది.

మామయ్య: కాలు?

మేనకోడలు: తీసేశారు.

ఇక్కడ ఒక మాట నా తరఫున. కూటాల్లో సాక్ష్యాలు చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారని మేనకోడలు అనడం లేదు, నేనూ అనను. ప్రార్థనకు జవాబు దొరికిందని చెప్పేవాళ్ల ఆనందాన్ని కాదనే హక్కు నాకు లేదు. కానీ బాగుపడినవాళ్ల వచనాలు వేదికల మీద వినపడినన్ని సార్లు త్రోఫిము పేరు వినపడదు. అది పుస్తకంలో ఉన్నా చెవిదాకా రాదు. వరసగా చదువుకుంటూ వెళ్లినవాడికి తప్ప ఆ పేరు తగలదు. నన్ను మేనకోడలి వైపు లాగింది ఈ సంగతే.

మామయ్య: నీ బాధ నాకర్థమైంది. కానీ ఆ చెడ్డ బోధకుడు బైబిలు చదవనివాడు కాదే. నీకన్నా ఎక్కువే చదివుంటాడు. వచనాలన్నీ వేళ్ల మీద ఉంటాయి. అరణ్యంలో యేసును శోధించడానికి వచ్చిన సాతాను కూడా లేఖనమే ఎత్తాడు, తొంభై ఒకటో కీర్తన. చదవడమే మందు అయితే సాతానుకు రోగమే ఉండకూడదు.

మేనకోడలు: మరి యేసు వాడికి దేంతో జవాబిచ్చాడు? మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంతోనే. సాతాను ఒక వచనం తెంపి తెస్తే, ఆ తెంపిన ముక్క ఎక్కడ సరిపోదో చెప్పడానికి మిగతా పుస్తకం తెలిసుండాలి. మనవాళ్లలో ద్వితీయోపదేశకాండం ఎందరు చదివారు? జనవరిలో మొదలుపెట్టినవాళ్లలో సగం మంది లేవీయకాండంలో ఆగిపోతారు.

మామయ్య: ఆగిపోక? కొవ్వు, మూత్రగ్రంథులు, కుష్ఠు పొడలు, బూజు పట్టిన గోడలు. పొద్దున్నే అది చదివి ఏ ఆత్మీయ మేలు పొందాలి? నేనే ఆ అధ్యాయాలు గబగబా దాటేస్తాను.

మేనకోడలు: గబగబా దాటేస్తే పంతొమ్మిదో అధ్యాయం కూడా దాటిపోతుంది. నిన్ను వలె నీ పొరుగువాణ్ణి ప్రేమించు అన్నది అందులోదే. పొలం కోసేటప్పుడు గట్ల వెంట కొంత బీదలకు వదిలేయమన్నది అందులోదే. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదన్నదీ అందులోదే.

మామయ్య: అది నాకు తెలుసు.

మేనకోడలు: మీకు తెలుసు, మీరు హెడ్మాస్టరు. కోతకు వెళ్లే ఆడవాళ్లకు తెలుసా?

మామయ్య: ఆ మాటకు తర్వాత వద్దాం. ముందు నేను అడిగేదానికి జవాబు చెప్పు. అపొస్తలుల కార్యాల్లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. చదువు వచ్చినవాడు, రాణి ఖజానా చూసే పెద్ద ఉద్యోగి. ఫిలిప్పు వచ్చి అర్థమవుతోందా అంటే, ఎవరైనా దారి చూపకపోతే ఎలా అవుతుందన్నాడు. అంతటివాడే అలా అంటే, పదో తరగతి పిల్లవాడు గదిలో ఒంటరిగా కూర్చుని యెహెజ్కేలు చదివి ఏం తేలుస్తాడు? ఒంటరిగా చదివి నాకు కొత్త వెలుగు దొరికిందన్న ప్రతివాడూ మన జిల్లాలో ఒక కొత్త సంఘం పెట్టాడు. ఒక్కో వీధిలో ఎన్ని బోర్డులున్నాయో లెక్కపెట్టు. సంఘం లేకుండా చదివే చదువు మనిషికి పొగరు నేర్పుతుంది.

మేనకోడలు: కెనడాలో చదువుకుంటున్న బఖ్త్ సింగ్ గారికి 1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడు కొత్త నిబంధన ఇచ్చాడు. సిక్కు కుటుంబంలో పుట్టిన ఇంజినీరింగు విద్యార్థి. గదిలో ఒంటరిగానే చదివాడు, పక్కన ఏ ఫిలిప్పూ లేడు. ఆ చదువులోంచే కదా హైదరాబాదులో హెబ్రోను సంఘం దాకా వచ్చింది.

మామయ్య: వచ్చింది. వచ్చాక ఆయన మాత్రం జనాన్ని ఎవరి గదిలో వాళ్లను వదిలేశాడా? వేలమందిని ఒకచోట కూర్చోబెట్టాడు, ఒకే పంక్తిలో అన్నం పెట్టాడు. ఒక్కడు ఒక్కసారి అలా వెలుగు పొందడం వేరు. దాన్నే పద్ధతి చేసి అందరి నెత్తిన పెట్టడం వేరు.

మేనకోడలు: ఒంటరిగా చదవడమే పద్ధతి అని నేననను మామయ్యా. నాకు కావాల్సింది వేరు. ఏది చదవాలో, ఏది వదిలేయాలో నా బదులు ఇంకొకరు నిర్ణయించకూడదు. అంతే. రోజూ వరసగా చదివితే ఆ అధికారం ఇంకొకరి చేతిలో ఉండదు. కార్డు రాసినవాడి చేతిలో ఉండదు, బోధకుడి చేతిలో ఉండదు, చివరికి నా ఇష్టం చేతిలో కూడా ఉండదు. నాకు నచ్చనిది కూడా ఆ రోజు వంతుకు వస్తే చదవాల్సిందే.

మామయ్య: కార్డుల మీద పడ్డావేంటి? పాపం ముసలమ్మలు ఏడాదంతా దాచుకుంటారు.

మేనకోడలు: యిర్మీయా ఇరవై తొమ్మిది పదకొండు ఎన్ని కార్డుల మీద ఉంటుందో మీకు తెలుసు. మన మేలు కోసమే దేవుడి ఆలోచనలు, మనకు మంచి భవిష్యత్తు, నిరీక్షణ. నిజమే, గొప్ప మాట. కానీ అది ఎవరికి రాసిన ఉత్తరం? యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్నం బాగుండాలని ప్రార్థించండి అన్నాడు. కార్డు మీది మాటకు సరిగ్గా ముందు వచనంలో డెబ్బై ఏళ్లని ఉంది. ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే పోయుంటారు. ఈ ఏడాదిలో వీసా వస్తుందని, అప్పు తీరుతుందని కార్డు పట్టుకున్న మనిషికి ఈ డెబ్బై ఏళ్ల సంగతి ఎవరు చెబుతారు? డిసెంబరు వచ్చి ఏదీ జరగకపోతే దేవుడు మాట తప్పాడనుకుంటుంది, లేకపోతే తన విశ్వాసం చాల్లేదని కుమిలిపోతుంది. పూర్తిగా చదివుంటే ఆ ఉత్తరం ఆమెకు కార్డు కన్నా ఎక్కువ ఓదార్పు ఇచ్చేది. ఎందుకంటే అది ఎదురుచూడాల్సినవాళ్లకు రాసిందే.

మామయ్య: వచనాల అంకెలు రాసినవాళ్లు పెట్టినవి కాదులే. అధ్యాయాలుగా విడగొట్టింది పదమూడో శతాబ్దంలో, స్టీఫెన్ లాంగ్టన్ అంటారు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో ఎస్తియెన్ అనే అచ్చు పనివాడు పెట్టాడు. అంతకుముందు వెయ్యేళ్లకు పైగా ఎవరూ యోహాను మూడు పదహారు అనలేదు.

మేనకోడలు: అదే చెబుతున్నాను. అంకె పెట్టాక ముక్క కొయ్యడం తేలికైంది. కోసినవాళ్లు ఎంతదూరం వెళ్లారో చూడండి. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చేశారు, వెస్టిండీస్ తోటల్లో పనిచేసే బానిసల కోసమని. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన కథ లేదు. పాత నిబంధనలో చాలాభాగమే లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న మాటలు మాత్రం ఉంచారు. చదివి చెప్పేవాళ్లను నమ్మి ఊరుకోమంటున్నారు మీరు. ఆ బైబిలు అచ్చేసినవాళ్లూ చదివే చెప్పారు మామయ్యా. ఏం వదిలేశారో విన్నవాళ్లకు ఎలా తెలియాలి?

మామయ్య: ... ఆ సంగతి నేను ఎరగను. మన మిషనరీలు అలా చేయలేదు.

మేనకోడలు: చేయలేదు. 1730ల నాటికే బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి దించాడు, అది అచ్చు ముఖం చూడలేదు. తర్వాత సెరంపూరులో 1812లో సువార్తలు, 1818లో కొత్త నిబంధన అచ్చయ్యాయి. మాల మాదిగ వాడల్లోకి అక్షరం వచ్చిందే ఈ పుస్తకంతో. ఊళ్లో ఏ పుస్తకమూ ముట్టుకోనివ్వని మన తాతల చేతుల్లోకి ఇది పూర్తిగా వచ్చింది, కోత లేకుండా. అంత కష్టపడి చేతికొచ్చినదాన్ని గుడ్డలో చుట్టి ఇంకెవరో చెబితే వింటామంటున్నాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

మామయ్య: నీ కోపం మంచిదే. కానీ దానికి మన సంఘంలో మందు ఎప్పుడో ఉంది. ఆదివారం పాఠాలు ఉన్నాయి కదా. పాత నిబంధన, పత్రిక, సువార్త, ఏ ఆదివారానికి ఏవి చదవాలో ముందే నిర్ణయించి ఉంటుంది. పాస్టరుగారి ఇష్టంతో పని లేదు. ఆయనకు ఇబ్బందిగా ఉన్నా చదివి తీరాలి. నువ్వు చెప్పే అధికారాన్ని పెద్దలు ఎప్పుడో ఆయన చేతిలోంచి తీసేశారు. ఇప్పుడు పాఠాలు లేని సంఘాలే ఎక్కువయ్యాయి, అందుకే ఈ గొడవ.

మేనకోడలు: ఈ మాట ఒప్పుకుంటాను. పాఠాల పట్టిక ఉన్న సంఘంలో పుట్టినందుకు నాకు సంతోషం. కానీ పట్టికలోకి రానివీ ఉన్నాయి. ఎనభై ఎనిమిదో కీర్తన మీరు ఎప్పుడైనా ఆరాధనలో విన్నారా?

మామయ్య: గుర్తు లేదు.

మేనకోడలు: నేను ఆరాధనలో వినలేదు. కోవిడ్ రెండో విడతలో రాత్రి డ్యూటీలో నా వరసలో అది వచ్చింది. ఆ రాత్రి మా వార్డులో మంచాలు ఖాళీ అవుతున్నాయి, ఎందుకు ఖాళీ అవుతున్నాయో చెప్పక్కర్లేదు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివరికి స్తోత్రంలోకి తిరుగుతాయి కదా, ఇది తిరగదు. దేవుణ్ణి పిలుస్తూ మొదలై చీకటిలో ఆగిపోతుంది. అలాంటి ప్రార్థన కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడని ఆ రాత్రి దాకా నాకు తెలీదు. అప్పటిదాకా ప్రతి బోధలోనూ ధైర్యంగా ఉండు, స్తుతించు అన్నారు. నాకు స్తుతి రాలేదు, అందుకు నేరం చేసినట్టు ఉండేది. ఆ కీర్తన నాకోసం ఎవరూ ఎంచి ఇవ్వలేదు. వంతుకు వచ్చింది. రోజూ చదవడం నాకు ఎందుకు ముఖ్యమంటే చెప్పగలిగిన జవాబు అదొక్కటే. మిగతాదంతా వాదన.

మామయ్య: మీ అమ్మ ఆ రోజుల్లో నీ గురించి ఫోన్ చేసి ఏడ్చేది. నాకు చెప్పలేదు నువ్వు.

మేనకోడలు: అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మామయ్య: సరే. నేను మొండిగా ఉన్నాననుకోకు. నీ చదువును నేను కాదనను. చదవలేనివాళ్లను ఏం చేస్తావు? వాళ్ల కోసమే నా పోట్లాటంతా. మన పిల్లల్లో సగం మందికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం. డల్లాస్‌లో మీ అన్న పిల్లలకు అసలే రాదు. ఇక్కడ మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లు రాత్రి ఇంటికొచ్చేసరికి చేతులు మంట. రోజూ బైబిలు చదవనివాడు మంచి క్రైస్తవుడు కాదని నువ్వు పైనుంచి చెబితే, వాళ్లంతా రెండో తరగతి విశ్వాసులవుతారు. సంఘంలో మళ్లీ ఒక కొత్త కులం. చదువుకున్నవాళ్లు పైన, చదవనివాళ్లు కింద. మనం దేంట్లోంచి బయటపడి వచ్చామో మర్చిపోకు.

మేనకోడలు: వినడమూ చదవడమే మామయ్యా. పౌలు ఉత్తరాలు కూడా సంఘంలో అందరి ముందూ పైకి చదివినవే. ఫోన్లో తెలుగు బైబిలు మొత్తం వినిపించేవి ఉన్నాయి, మిరపకాయలు తుంచుతూ వినొచ్చు. ఎవరో ఏరి ఇచ్చిన ముక్కలు కాకుండా మొదటి నుంచి చివరిదాకా అందాలి. బెరయలో ఉన్నవాళ్లు పౌలు చెప్పినది నిజమో కాదో రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. అపొస్తలుడు చెప్పాడు కదా అని ఊరుకోలేదు. లూకా వాళ్లను మెచ్చుకున్నాడు కూడా.

మామయ్య: బెరయ వాళ్లు అందరూ కలిసి వెతికారు. నెహెమ్యా రోజుల్లో ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. ఆడవాళ్లూ మగవాళ్లూ నిలబడి విన్నారు, లేవీయులు మధ్యమధ్య అర్థం చెప్పారు. విన్నవాళ్లు ఏడ్చారు. నాకు కావాల్సిన చదువు అది. గదిలో తలుపు వేసుకుని చదివేది కాదు.

మేనకోడలు: అయితే ఆ చదువే పెట్టండి. మీరు సంఘపెద్ద కదా.

మామయ్య: ఏం పెట్టమంటావు?

మేనకోడలు: ప్రతి పంట అమ్మకాల ముందు దశమభాగం మీద ప్రసంగం ఉంటుంది. మలాకీ మూడో అధ్యాయం, పదో వచనం. పదోవంతు మందిరపు ఖజానాలోకి తెండి, ఆకాశపు కిటికీలు తెరుస్తాను. ఎన్నిసార్లు విన్నాం! అదే అధ్యాయంలో ఐదు వచనాలు వెనక్కి వెళ్తే, దేవుడు ఎవరి మీద తీర్పుకు వస్తున్నాడో పేర్లు పెట్టి చెప్పాడు. కూలివాళ్ల కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్లు, విధవరాళ్లను, తండ్రిలేని పిల్లలను బాధపెట్టేవాళ్లు. ఇంకా వెనక్కి, మొదటి రెండు అధ్యాయాల్లో ఆయన కోపం ఎక్కువగా యాజకుల మీదే. ఆ పదో వచనం చదివిన రోజు ఐదో వచనం ఒక్కసారైనా విన్నారా?

మామయ్య: ... లేదు.

మేనకోడలు: ఎందుకు వినలేదు?

మామయ్య: ఎందుకో నీకు తెలిసే అడుగుతున్నావు. ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి రోజూ తెల్లవారుజామున బైబిలు చదువుతాడు. ఏడాదికోసారి పూర్తి చేస్తాడు, ఎన్నిసార్లు పూర్తయిందో పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంటాడు. ఆయన పొలంలో కోసిన ఆడవాళ్లకు సంక్రాంతి కూలి ఉగాదికి అందుతుంది. మందిరానికి స్లాబు వేసిందీ ఆయనే. ఇందాకటి నుంచి నేను నీతో వాదించేది ఆయన్ను కళ్లముందు పెట్టుకునే. అన్నిసార్లు లేవీయకాండం పంతొమ్మిది చదివిన మనిషికి నీ రోజువారీ చదువు ఏం చేసింది?

మేనకోడలు: ఆయనకు ఏం చేసిందో నాకు తెలీదు. ఆయన పొలంలో కోసిన ఆడవాళ్లకు ఏం చేయగలదో తెలుసు. వాళ్ల కూలి సంగతి దేవుడు లేవీయకాండంలో రాయించాడని, మలాకీలో రాయించాడని, పట్టి ఉంచిన కూలి మొర పెడుతుందని యాకోబు చేత కూడా రాయించాడని వాళ్లకు తెలీదు. తెలిస్తే ఆయన గుమ్మం ముందు దానం అడిగినట్టు నిలబడరు. రాజు సింహాసనం ఎక్కగానే ధర్మశాస్త్రం నకలు తన కోసం రాసుకోవాలని, బతికినంతకాలం చదవాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఎందుకంటే, తన సహోదరుల కన్నా ఎక్కువవాణ్ణి అనుకోకుండా ఉండటానికి. ఆయన చదివి కూడా అలా అనుకుంటున్నాడంటే, ఆయన సహోదరులకు ఆ పుస్తకం అందలేదన్నమాట. అందితే అడుగుతారు.

మామయ్య: అడిగితే కోతకు పిలవడం మానేస్తాడు. పక్క ఊరి ముఠాను తెచ్చుకుంటాడు. చదివినందుకు వాళ్ల పని పోతే నువ్వు పెడతావా వాళ్లకు?

మేనకోడలు: దానికి నా దగ్గర జవాబు లేదు మామయ్యా. అందుకే వాళ్లు ఒక్కళ్లే చదవకూడదు. మీరు కూడా పక్కన ఉండాలి.

మామయ్య: ... మలాకీ ఎంత? నాలుగు అధ్యాయాలు.

మేనకోడలు: నిదానంగా చదివితే పావుగంట.

మామయ్య: పాస్టరుగారితో నేను మాట్లాడతాను. దశమభాగం ఆదివారం నాడు ప్రసంగానికి ముందు మొత్తం నాలుగు అధ్యాయాలూ చదువుదాం. నేనే చదువుతాను, నా వయసు చూసి ఎవరూ మధ్యలో ఆపరు. కానీ చదివేసి కూర్చోవడానికి ఒప్పుకోను. ఆరాధన అయ్యాక ఆడవాళ్లను కూర్చోబెట్టి అర్థం చెప్పాలి. వాళ్లు అడుగుతారు, వాళ్లు నన్ను అడగలేనివి నిన్ను అడుగుతారు. నువ్వు ఉండాలి.

మేనకోడలు: ఉంటాను.

మామయ్య: డ్యూటీ లేని ఆదివారం ఏదో చూసి చెప్పు.

మేనకోడలు: రెండో ఆదివారం సెలవు. శనివారం రాత్రి షిఫ్ట్ దిగి మొదటి బస్సుకు వస్తాను.